నోటితో చెప్పు

మైకు కుయ్యిమని అరిచింది. ముందు వరసల్లో తెల్ల చొక్కాలేసుకున్న బడిపిల్లలు చెవులు మూసుకుని కిసుక్కున నవ్వారు. మేయరు గారు మైకు నెత్తిన వేలితో తట్టి "వినపడుతోందా?" అంటే, వెనక వరసల్లోంచి ఎవరో ముసలాయన "ఎక్కువే వినపడుతోందయ్యా, కానివ్వు" అన్నాడు. అందరూ నవ్వారు. బిసెరా నవ్వలేదు. ఒళ్ళో ఉన్న పియోనీ పూల కాడల్ని అరచేతుల మధ్య నలుపుతూ ఆ మైకునే చూస్తోంది. నల్లగా, సన్నటి మెడతో, కొంగలా నిలబడి ఉంది అది. ఇంకాసేపట్లో ఆ కొంగ ముందు తను నిలబడుతుంది. నిలబడి నోరు తెరుస్తుంది. తెరిచాక ఏమవుతుందో ఈ హాల్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు, ఎందుకంటే ఈ గనుల పట్నంలో బిసెరా నత్తి సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎవరన్నా ఉంటే నాలుగేళ్ళ కిందట ఫోన్లలో తిరిగిన ఆ వీడియోతో వాళ్ళూ తెలుసుకున్నారు. మంచిదే. ఇవాళ కావలసింది అదే. తమ లిపి కోసం ఏటా మే నెలలో చేసుకునే అక్షరాల పండుగ ఊరేగింపు అయిపోయింది, బ్యాండు వాళ్ళు బయట మెట్ల మీద కూర్చుని నిమ్మరసం తాగుతున్నారు, బడి గుమ్మానికి కట్టిన పూలదండల వాసన కొండగాలితో ఇక్కడిదాకా వస్తోంది. ఇక మిగిలింది హంజియెవా టీచరుకి సన్మానం.

"ఏమే పిల్లా, ఆవిడకేనా ఈ పూలు?" అన్నాడు పక్కన కూర్చున్న వెలిన్ తాత. తను గుసగుసలాడాననుకున్నాడు గానీ, చెవిటిమనిషి గుసగుస చుట్టుపక్కల వరసలన్నిటికీ వినపడింది. "మన పెరట్లో పూలు కోసుకొచ్చి ఆవిడ చేతిలో పెడతావా? మేకకి వేసినా పాలిచ్చేది కదే."

బిసెరా తాత మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. తాత ఊరుకున్నాడు. తాతకి నొక్కితే చాలు. వయసంతా సీసం గనిలో గడిపి, చెవుల్ని పేలుళ్ళకీ ఊపిరిని రాతిపొడికీ ఇచ్చేసి ఇంటికొచ్చినవాడు. ఆయనకి సరిగ్గా వినపడదు, ఆమెకి సరిగ్గా పలకదు, అయినా చిన్నప్పుడు పొయ్యి పక్కన కూర్చుని ఇద్దరూ గంటలు గంటలు కబుర్లాడుకున్నారు. ఆమె మాట మధ్యలో ఆగిపోతే తాత చుట్ట చుట్టుకుంటూ కూర్చునేవాడు, చుట్ట అయ్యేలోపు మాట వచ్చేసేది. ఆ వయసులో ఆమెకి ప్రపంచంలో అందరూ తాతలాంటివాళ్ళే అనిపించేది. తర్వాత బడికి పంపించారు. బడిలో హాజరప్పుడు ఎవరి పేరు వాళ్ళే లేచి పలకాలి. బిసెరా. ఆ పేరులో మొదటి అక్షరమే ఆమెకి శత్రువు, పెదవులు రెండూ కలుసుకుని ఇక విడిపోనంటాయి, లోపల ఊపిరి వచ్చి వాటిని గుద్దుకుంటుంది, మెడ నరాలు లేస్తాయి, కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయి. లోపల మాత్రం ఆమె ఎన్నడూ తడుముకోలేదు. లోపల మాటలు వాన వెలిసిన కొండవాగులా దూకుతూనే ఉంటాయి, ఎంత వేగంగా అంటే ఒక్కోసారి ఆమెకే వాటి వెంట పరిగెత్తడం కష్టం. ఆ వాగంతా వచ్చి ఆ రెండు పెదవుల దగ్గర ఆగిపోతుంది. బయటివాళ్ళకి కనిపించేది ఆ రెండు పెదవులే. వెనకున్న వాగు ఎవరికీ కనపడదు. బాగా చదువుతుంది పాపం, అనేవారు టీచర్లు. ఆ పాపం అన్న మాట దగ్గర గొంతు తగ్గించేవారు, ఆమెకి చెవుడు కూడా ఉన్నట్టు.

ఆ రోగం వచ్చి బళ్ళు మూసేసిన ఏడాది ఊరంతా ఏడ్చింది. అమ్మ కుట్టు వర్క్‌షాపు మూతపడింది, తాతని ఎవరూ ముట్టుకోకూడదన్నారు, స్మోల్యాన్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళు కొందరు తిరిగి రాలేదు. అప్పుడు బిసెరాకి వచ్చింది సంతోషం. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోదగిన సంతోషం కాదది. ఆన్‌లైన్ క్లాసులో హాజరు పలకక్కర్లేదు. పేరు పక్కన పచ్చచుక్క వెలిగితే వచ్చినట్టే. జవాబు తెలిస్తే కింద చాట్‌లో రాస్తే చాలు. మొదటిరోజు ఆమె రాసిన వాక్యం ఇంకా గుర్తుంది, "ఘర్షణ లేకపోతే మనం నడవలేం మేడమ్, జారిపోతాం" అని రాసింది, హంజియెవా టీచరు తెర మీదకి వంగి చదివి "శభాష్, ఎవరిది ఇది? బిసెరాదా?" అంది. క్లాసులో పదో తరగతి నుంచీ కూర్చుంటున్న పిల్ల, ఆవిడ మొదటిసారి విన్నట్టు ఆశ్చర్యపోయింది. విన్నదే మొదటిసారి మరి. ఆ రోజు బిసెరా మిద్దె మీద, ఎండుమిరపదండలు వేలాడే వసారాలో, నెట్ అందే ఆ మూలలో గోడకి చేరబడి, ఒళ్ళంతా వేడెక్కిపోయి, చాట్‌లో తన మాటలు ఒకదాని కింద ఒకటి నిలబడి ఉండటం చూసుకుంది. ఒక్కటీ తడబడలేదు.

ఫోను ఒక్కటే. అదీ అమ్మది. చెల్లెలు దెస్కాకి అదే సమయంలో పాటల క్లాసుంటే ఇద్దరూ కొట్టుకునేవారు. దెస్కా గెలిచిన రోజున ఆ వసారాలో చిన్నపిల్లల గొంతులు ఒకదాని వెనక ఒకటి ఆలస్యంగా చేరేవి, పాట అయిపోయాక కూడా ఒకడు పాడుతూనే ఉండేవాడు. బిసెరా గెలిచిన రోజున భౌతికశాస్త్రం. సగం క్లాసు కెమెరాలు ఆపేసి పడుకునేది, రాంగెల్ అయితే ఫోను తెరిచిపెట్టి మేకల్ని తోలుకెళ్ళేవాడు, క్లాసు మధ్యలో గంటల చప్పుడు వచ్చేది. వాన పడితే నెట్ పోయేది. అందరికంటే ముందు టీచరుకే పోయేది. నోరు సగం తెరుచుకుని, ఒక కన్ను మూసుకుని, చెయ్యి గాల్లో ఆగిపోయి, ఆవిడ బొమ్మ తెర మీద అలాగే ఉండిపోయేది. పిల్లలు నవ్వేవారు. బిసెరాకి ఆ బొమ్మని చూస్తే నవ్వొచ్చేది కాదు, ఆ ఆగిపోవడం ఎలా ఉంటుందో తనకి తెలుసు గనక ఏదో జాలి. జాలి! ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండిపోతుంది. ఆ జాలితోనే కదా, టీచరు తిరిగొచ్చేదాకా చాట్‌లో పాఠం తను ముందుకు నడిపింది. అప్పుడే రాసింది తాత కథ.

"మా తాత గనిలోకి దిగే లిఫ్టు పంజరంలా ఉండేది. చేతిలో మా నాన్నమ్మ నీలం కర్టెను గుడ్డతో కుట్టిచ్చిన రొట్టె సంచి. పంజరం కిందికి కదిలిన క్షణంలో ఆ సంచి తేలికైపోయేదట, నాన్నమ్మ రొట్టె పెట్టడం మర్చిపోయిందా అని తడిమి చూసుకునేవాడట. అడుగున ఆగబోయే ముందు అదే సంచి బరువెక్కేదట, ఎవరో రాయి వేసినట్టు. రొట్టె మారలేదు. లిఫ్టు వేగం మారింది. కిందికి జోరందుకుంటున్నప్పుడు చేతికి తెలిసే బరువు తగ్గుతుంది, జోరు తగ్గించుకుని ఆగుతున్నప్పుడు పెరుగుతుంది." ఇదీ ఆమె రాసింది. రాసిన కాసేపటికి మేకల దగ్గర్నుంచి రాంగెల్ రాశాడు, ఓరి, ఇదా సంగతి, ఇంత తేలికా అని. రాంగెల్, చిన్నప్పటి నుంచీ ఆమెని వెక్కిరిస్తూ పెదవులు బిగించి బుగ్గలు పొంగించే రాంగెల్. ఆ సాయంత్రం వాడు విడిగా అడిగాడు, త్వరణం లెక్క చెప్పవా అని. ఆమె చెప్పింది. తర్వాత ఇంకో ఇద్దరు, ఇంకో నలుగురు. ఆ చలికాలమంతా బిసెరా ఒక మనిషిలా బతికింది.

వేదిక మీద బుడ్డోళ్ళు అక్షరానికొక పద్యం చెప్పి వంగి దండం పెట్టి దిగిపోతున్నారు. పక్కతెర చాటునుంచి సాంస్కృతిక భవనం చూసుకునే ద్రాగినా గారు తల బయటికి పెట్టి బిసెరా ఉందా లేదా అని వెతికింది, ఉందని చూసి తలూపింది. మంచిది ఆవిడ. పోయినవారం "పాత విద్యార్థుల తరఫున ఎవరైనా పూలిచ్చి రెండు మాటలు చెబితే బాగుణ్ణు" అని ఆవిడ అందరి చెవినా వేస్తుంటే, బిసెరా వెళ్ళి నేనిస్తానని ఫోనులో రాసి చూపించింది. "నువ్వా తల్లీ? మాట్లాడగలవా మరి?" అని నొచ్చుకుంటూ అడిగింది. కొంచెం మాట్లాడతాను, అని రాసింది బిసెరా. ద్రాగినా గారికి కళ్ళు చెమర్చాయి. మనసులో ఏమీ పెట్టుకోని పిల్ల అనుకుని ఉంటుంది. మనసులో తప్ప ఇంకెక్కడా ఏమీ పెట్టుకోలేని పిల్ల అని ఆవిడకేం తెలుసు.

ఎలా మొదలైంది? ఒక్క మాటతో మొదలైంది. వసంతం వచ్చింది, ప్లమ్ చెట్లు పూశాయి, క్లాసులో టీచరు ఏదో చెబుతూ ఉంటే రాంగెల్ మైకు తెరిచి, "మేడమ్, బిసెరా చెప్పినట్టు చెప్పండి మేడమ్, అర్థమవుతుంది" అన్నాడు. వాడు కొంటెగా అన్లేదు. నిజంగానే అడిగాడు. తెర మీద టీచరు మొహం ఆగిపోయింది. నెట్ బాగానే ఉంది. కాఫీకప్పు తీసుకుని ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, "బిసెరా, కెమెరా ఆన్ చెయ్" అంది. చేసింది. "మైకు కూడా. ఆఁ, ఇప్పుడు చెప్పు, లిఫ్టులో బరువెందుకు తగ్గుతుంది?" బిసెరా వేళ్ళు చాట్ మీదికి వెళ్ళాయి. "రాయొద్దు. నోటితో చెప్పు. రాసేది నువ్వేనని నాకేం నమ్మకం? ఇంట్లో ఎవరైనా రాసిపెడుతున్నారేమో, ఎక్కణ్ణుంచైనా ఎత్తి రాస్తున్నావేమో." ఆవిడకి తెలుసు. రోజూ కళ్ళెదురుగా చూసింది, తెలుసు. బిసెరా నోరు తెరిచింది. బరువు అనాలి. మొదటి అక్షరమే శత్రువు. పెదవులు కలుసుకున్నాయి. తెర మీద మూలన చిన్న డబ్బాలో తన మొహం తనకే కనపడుతోంది, ఎన్నడూ చూసుకోలేదు అప్పుడెలా ఉంటుందో, కళ్ళు తేలేసి, మెడ నరం లేచి, గడ్డం వణుకుతూ. చూడకుండా ఉండలేకపోయింది, చూసేకొద్దీ ఇంకా బిగుసుకుపోయింది. టీచరు కాఫీ తాగుతూ ఎదురుచూసింది. ఓపికతో కాదు. కాఫీ అయిపోయేదాకా చూసి, "చూశారుగా" అంది క్లాసుతో. అంతే అంది. ఆ టర్ముకి బిసెరాకి ఆరుకి రెండు వేసింది. రెండంటే తప్పినట్టు. పక్కన రాసిన కారణం, సొంతంగా చేసిన పని కాదు.

ఆ సాయంత్రానికే వీడియో బయటికొచ్చింది. ఎవరు తీశారో ఎప్పటికీ తెలియలేదు. దాని కింద ఎవరో రాశారు, బిసెరా, నీ నెట్ పోయింది అని. ఊరంతా ఆ మాట పట్టుకుంది. బేకరీలో, బస్‌స్టాపులో, ఎవరు మాట మర్చిపోయినా "బిసెరా నెట్టా?" అనుకుని నవ్వుకునేవారు. బిసెరా ఆ తర్వాత చాట్‌లో ఒక్క అక్షరం రాయలేదు. కెమెరా ఆపి, మైకు ఆపి, పచ్చచుక్కై కూర్చుంది. అమ్మ మాత్రం ఊరుకోలేదు. బళ్ళు తెరిచిన వారం, మాస్కు కట్టుకుని, వర్క్‌షాపు నీలం కోటు మీదే, దారప్పోగులు అంటుకునే ఉండగా, బిసెరాని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. "నా కూతురే రాసిందండీ, నా కళ్ళతో చూశాను" అంది. హంజియెవా టీచరు ఎంతో మర్యాదగా, "మీరు భౌతికశాస్త్రం చదువుకున్నారా అమ్మా?" అని అడిగింది. "లేదండీ." "మరి మీరు చూసింది భౌతికశాస్త్రమో కాదో మీకెలా తెలుస్తుంది?" అమ్మకి నత్తి లేదు. అయినా ఆ గదిలో అమ్మకి మాట రాలేదు, కోటు మీద దారప్పోగుల్ని ఒక్కొక్కటే ఏరుతూ నిలబడింది, ఏరినవి ఎక్కడ పారెయ్యాలో తెలీక గుప్పిట్లో పెట్టుకుంది. బిసెరా వీడియోనైనా మర్చిపోగలదేమో. ఆ గుప్పిటని మర్చిపోలేదు.

ఆ రెండు మార్కు ఆమె కాలికి చుట్టుకుంది. రాజధాని సోఫియాలో భౌతికశాస్త్రం సీటు ఆ ఒక్క మార్కు లాగెయ్యడంతో చేజారింది. రాంగెల్ మాత్రం ప్లోవ్‌దివ్‌లో ఇంజనీరింగుకి వెళ్ళాడు. వెళ్ళేముందు గుమ్మం దాకా వచ్చి, తలొంచుకుని, నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది అన్నాడు. బిసెరా తలుపేసేసింది. తర్వాత ఏడాదిపాటు ఇంట్లోనే ఉంది, చివరికి పిల్లలకి ఆన్‌లైన్‌లో సందేహాలు తీర్చే పని దొరికింది, మాటల్లేవు, అంతా రాతే. అక్కడ ఎవరికీ ఆమె గొంతు తెలీదు. దేశం నలుమూలల నుంచీ పిల్లలు అడుగుతారు, ఆమె రాస్తుంది, అర్థం కాకపోతే ఇంకో రకంగా రాస్తుంది. అందులో వెసెలా అని దాన్యూబు నది ఒడ్డున ఏదో పల్లెలో పిల్ల, తుంటి ఎముకకి జబ్బు, మంచం దిగలేదు, బడి మొహం చూసి ఎంతకాలమైందో. "అక్కా, నువ్వు లేకపోతే నేనీపాటికి గోడల్ని లెక్కపెట్టుకుంటూ పడుండేదాన్ని" అని రాసేది. అలాంటి పిల్ల ఈ మార్చిలో ఒక లింకు పంపింది. "అక్కా, ఇది మా జిల్లాలో అందరూ చూస్తున్నారు, ఆన్‌లైన్ పాఠాలన్నిట్లోకీ ఇదే గొప్పదట, కానీ చివర ఒక మెలిక అర్థం కాలేదు, చెప్పవా?" బిసెరా తెరిచింది. తెర మీద హంజియెవా టీచరు, వెనకాల పుస్తకాల అల్మరా, మంచి వెలుతురు, మంచి కెమెరా. "మా తాత గనిలోకి దిగే లిఫ్టు పంజరంలా ఉండేది" అంటోంది.

నీలం కర్టెను కూడా వదల్లేదు. నాన్నమ్మ రొట్టె పెట్టడం మర్చిపోయిందా అని తడుముకోవడమూ వదల్లేదు. తర్వాతి పాఠంలో ఐసు మీద జారిన మేక, ఆ తర్వాతి దాంట్లో మిరపదండ లోలకంలా ఊగడం, అన్నీ. తను వసారాలో గోడకి చేరబడి రాసిన ఒక్కో మాటనీ ఆవిడ తన నోటితో, తడబడకుండా, చిరునవ్వుతో చెబుతోంది. సొంతంగా చేసిన పని కాదు అని రాసిన మనిషే. బిసెరా ఆ రోజు వెసెలాకి అర్థంకాని ఆ మెలిక విడమర్చి రాసింది. ఆ పిల్లకేం సంబంధం. రాసి, ఫోను మూసి, పెరట్లోకి వెళ్ళి, కట్టెల కుప్ప ముందు నిలబడి గొడ్డలి తీసుకుని తాత రేపు చీల్చుకుందామనుకున్న కట్టెలన్నీ చీల్చేసింది.

నెట్‌లో రాసెయ్యొచ్చు. రాత ఆమె సొత్తు, ఒక్క గంటలో జిల్లా అంతా చదివేలా రాయగలదు. కానీ రాస్తే ఆవిడ ఏమంటుంది? నాలుగేళ్ళ కిందటి మాటే అంటుంది. రాసింది ఎవరో, ఎవరు రాయించారో. చాట్‌లు చెరిపేశారు, బడిది ఏదీ మిగల్లేదు. నోటితో చెప్పు అంది కదా, నోటితోనే చెప్పాలి. అందరి ముందూ, ఆవిడ కాఫీ తాగడానికి వీల్లేని చోట. ఆ నిర్ణయం వచ్చాక బిసెరాకి చిత్రంగా నిద్రపట్టింది. రోజూ బీరువా అద్దం ముందు నిలబడింది. నత్తి పోగొట్టుకోవాలని కాదు. ఆ ఆశ చిన్నప్పుడే వదిలేసుకుంది. పెదవులు బిగుసుకున్నప్పుడు కళ్ళు మూసుకోకుండా ఉండటం నేర్చుకుంది. తల దించకుండా, చేతులు వణకనివ్వకుండా, ఆగిపోయిన మాటతో పాటు తనూ నిలబడి ఉండటం. అద్దంలో ఆ మొహాన్ని చూసి చూసి అలవాటు చేసుకుంది. వికారంగా ఏమీ లేదు. బరువెత్తుతున్న మనిషి మొహంలా ఉంది. ఎవరికి కష్టంగా ఉంటుంది దాన్ని చూడటం? చూసేవాళ్ళకి. వాళ్ళకే ఉండనీ. ఇన్నేళ్ళూ ఆ కష్టం వాళ్ళకి ఉండకూడదనే కదా తను నోరు మూసుకుంది.

హాల్లో లైట్లు ఆర్పారు. "మన పట్నానికి పేరు తెచ్చిన పాఠాల్లోంచి ఒకటి" అన్నారు మేయరు గారు, వేదిక మీది తెల్లతెర వెలిగింది. టీచరు మొహం గోడంత పెద్దదై కనపడింది, కింద అక్షరాలు కదులుతున్నాయి, చెవుడున్నవాళ్ళ కోసమట, ఎంత శ్రద్ధ! వెలిన్ తాత అప్పటిదాకా కునుకుతున్నవాడు కళ్ళద్దాలు సర్దుకుని పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు. బిసెరా తాతకి ముందుగా ఏమీ చెప్పలేదు. చెబితే ఆయన గొడ్డలి తీసుకుని నేరుగా ఆవిడ ఇంటికే వెళ్ళేవాడు. గోడ మీద టీచరు సంచి సంగతి చెబుతోంది. తాత పెదవులు ఆగిపోయాయి.

"ఇదేంటే" అన్నాడు. "నీలం సంచి నాదిగా."

ముందు వరసలో ఎవరో ష్ అన్నారు.

"ష్ ఏంటి? అది నా పెళ్ళాం కుట్టింది. ఆ కర్టెను మా వంటింటిది. ఈవిడకేం తెలుసు?" అని బిసెరా వైపు తిరిగాడు, చీకట్లో ఆమె మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన ఊపిరి ఈల వేస్తోంది. పూల కాడల మీద ఉన్న ఆమె చేతుల మీద తన చెయ్యి పెట్టాడు, అది పాత పలుగులా గట్టిగా, చల్లగా ఉంది.

లైట్లు వెలిగాయి. చప్పట్లు. హంజియెవా టీచరు లేతాకుపచ్చ సూటులో మెట్లెక్కింది, ఫ్రేము కట్టిన పత్రం అందుకుంది, మైకు ముందు రెండు ముక్కలు మాట్లాడింది. ఆ చీకటి రోజుల్లో ప్రతి పిల్ల గొంతూ వినాలన్నదే నా తపన అంది. గొంతు. ఆ మాటే అంది. బిసెరా కడుపులో ఏదో చల్లగా, తియ్యగా కదిలింది, ఆకలి వేసినప్పుడు పొయ్యి మీంచి వాసన వస్తే కదిలినట్టు. "ఇప్పుడు పాత విద్యార్థుల తరఫున" అని ద్రాగినా గారు అనగానే లేచింది. నడిచింది. మెట్లు, చెక్క నేల, మైనం వాసన, ఎదురుగా ఆవిడ. ఆవిడ గుర్తుపట్టింది. నవ్వు పెదవుల మీద అలాగే ఉంది గానీ కళ్ళలోంచి దిగిపోయింది. పూల కోసం చేతులు చాపింది. బిసెరా పూలివ్వలేదు. చంకలో పెట్టుకుని మైకు వైపు తిరిగింది.

నోరు తెరిచింది. మీ అనాలి. పెదవులు కలుసుకున్నాయి.

హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దాన్ని ఆమె పుట్టినప్పటి నుంచీ ఎరుగును. ఎప్పుడూ దాని అడుగున పడి ఉండేది, ఇవాళ దాని మీద నిలబడింది. కళ్ళు మూసుకోలేదు. ముందు వరస పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు, మేయరు గారు బూట్లు చూసుకుంటున్నారు, కుట్టు వర్క్‌షాపు ఆడవాళ్ళ మధ్య అమ్మ, ఆ నీలం కోటు లేదు, పండుగ గౌను వేసుకుంది, చేతులు ఒళ్ళో. ఎవరో సన్నగా దగ్గారు. కానివ్వండి, కుర్చీల్లో ఇబ్బందిగా కదలండి, మీరు నవ్విన ప్రతి నవ్వుకీ ఇలా కాసేపు కూర్చోండి, నా దగ్గర చాలా సమయం ఉంది, ఈ అక్షరం వెనక నా నాలుగేళ్ళు ఉన్నాయి. వీపు మీద ఒక అరచెయ్యి పడింది. టీచరు పక్కకొచ్చి, మైకులోకి వంగి, మెత్తగా, "మా బిసెరాకి కొంచెం ఇబ్బంది. ధన్యవాదాలు చెప్పాలనుకుంటోంది. ఫర్వాలేదు తల్లీ, మాకు అర్థమైంది" అంది. చప్పట్లు మొదలయ్యాయి, హమ్మయ్య అన్నట్టుగా. బిసెరా తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఊపింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ చెయ్యి వీపు మీంచి జారిపోయింది.

"మ్... మ్... మీ తాత," అంది బిసెరా. మిగతాది లాగింది, రాయిని లాగినట్టు, మధ్యలో ఆగితే ఆగనిచ్చి, మళ్ళీ అందుకుని. "మీ తాత... ఏ గ్... గ్... ఏ గనిలో ప్... పనిచేశాడు?"

అంతే. ఆ వాక్యం హాలంతా పాకడానికి కాస్త సమయం పట్టింది. ఈ హాల్లో వెనక సగం గని వాళ్ళే, ఎవరు ఏ గనిలో, ఎవరి పక్కన, ఎవరి తర్వాత దిగారో నిద్రలో లేపినా చెప్పగలిగినవాళ్ళు. వాళ్ళంతా టీచరు వైపు చూశారు. వాళ్ళ చూపులో ఇంకా కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని చూశారు.

టీచరు నవ్వింది. "అది ఒక ఉదాహరణ కదమ్మా. పాఠంలో పిల్లలకి..."

"ఏ గని అని అడుగుతోంది ఆ అమ్మాయి" అన్నాడు వెనకనుంచి ఒకాయన, ఇందాక మైకు గురించి అన్న గొంతే. "చెప్పండి, మేమూ తెలుసుకుంటాం."

"ఈవిడ తాత పళ్ళ డాక్టరు కదరా" అన్నాడు ఇంకొకాయన. "నా దవడపన్ను పీకింది ఆయనే. మత్తు కూడా ఇవ్వలేదు మహానుభావుడు."

హాలు గొల్లుమంది. అది సన్నటి, చెడ్డ నవ్వు. ఆ నవ్వుని బిసెరా ఎక్కడున్నా గుర్తుపడుతుంది. దాని రుచి ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ ఒకవైపు నుంచే తెలుసు. ఇప్పుడది తనని దాటుకుని వెళ్ళి పక్కనున్న లేతాకుపచ్చ సూటుకి తగులుతోంది, ఆ సూటు లోపలి మనిషి బుగ్గల్లోంచి రక్తం దిగిపోవడం కనపడుతోంది. జాలి వేస్తుందేమోనని బిసెరా ఒక్క క్షణం తనలో వెతికి చూసుకుంది. ఎక్కడా లేదు. మూడో వరసలో వెలిన్ తాత లేచాడు. రెండు చేతులతో ముందు కుర్చీ వీపు పట్టుకుని, ఈల వేసే ఊపిరితో, నిలబడ్డాడు. పట్నంలో అందరూ ఆయన్ని ఎరుగుదురు. ఎవరికీ ఇక ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. నవ్వు ఆగిపోయింది.

హంజియెవా టీచరు నోరు తెరిచింది. మూసింది. పత్రాన్ని గుండెలకి ఆనించుకుంది, మళ్ళీ దించింది. మేయరు గారి వైపు చూసింది, ఆయన ఇంకా బూట్లే చూస్తున్నారు. ద్రాగినా గారి వైపు చూసింది. చివరికి బిసెరా వైపు చూసింది, ఏదో ఒక మాట అందించమన్నట్టు. బిసెరా దగ్గర మాటలు వాగంత ఉన్నాయి. క్షమించండి అన్న మాట ఉంది, పొరపాటైంది అన్న మాట ఉంది, ఇవి బిసెరా పాఠాలు అన్న మాట ఉంది, వీటిలో ఏ ఒక్కటి అందించినా ఆవిడ పట్టుకుని ఒడ్డెక్కేది. ఒక్కటీ అందించలేదు. ఊరికే చూస్తూ నిలబడింది.

"లేదు" అంది టీచరు. మైకుకి అందీ అందనట్టు. "మా తాత గనిలో పనిచెయ్యలేదు."

అది చాలనే అనుకుని వచ్చింది బిసెరా. అద్దం ముందు నిలబడిన ఆ నెలలన్నీ ఆ ఒక్క ప్రశ్నకోసమే. అది అయిపోగానే పూలు అమ్మ ఒళ్ళో పెట్టి, తాత చెయ్యి పట్టుకుని బయటికి నడవాలనుకుంది. ద్రాగినా గారు కూడా అదే అనుకున్నట్టుంది, పక్కతెర దగ్గర్నుంచి రెండడుగులు ముందుకేసింది, బ్యాండు వాళ్ళని పిలవమన్నట్టు ఎవరికో చేత్తో సైగ చేసింది. కానీ బిసెరా కాళ్ళు కదల్లేదు. గొంతు ఇంకా వెచ్చగా ఉంది. ఇంకోటి ఉంది అడగాల్సింది, ఎప్పుడూ అభ్యాసం చెయ్యనిది, అమ్మ గుప్పిటలో దారప్పోగులంత పాతది. ఆ రెండు మార్కు ఎందుకు వేశారు? మైకు మెడ పట్టుకుని తన ఎత్తుకి వంచుకుంది. టీచరు ఒక అడుగు వెనక్కి వేసింది గానీ దిగిపోలేదు. అన్ని కళ్ళ ముందు మెట్లు దిగడం ఎవరికైనా కష్టమే. బిసెరా గుండెనిండా ఊపిరి తీసుకుంది, నోరు తెరిచింది, పెదవులు మళ్ళీ బిగుసుకున్నాయి. వెనక వరసల్లో లేవబోయినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. గని వాళ్ళలో ఒకాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని తీరిగ్గా సర్దుకున్నాడు. ఎవరూ దగ్గలేదు.